పరుపుబండ మీద కీలు

అనంతపురంలో వేరుశనగ నుంచి తప్పించుకోవడం కష్టం. పొద్దున హోటల్‌కు పోతే ఇడ్లీకి వేరుశనగ చట్నీ, దోసెకు అదే చట్నీ కొంచెం పలచగా, పూరీకి అడక్కుండానే మళ్లీ అదే. కొబ్బరి చట్నీ ఉందా అని అడిగితే సర్వరు నన్ను తనిఖీకి వచ్చిన పరాయి ఊరి ఆఫీసరును చూసినట్టు చూస్తాడు. వేయించినవి, ఉడకబెట్టినవి, బెల్లంపాకంలో ముద్ద కట్టినవి ఎలాగో భరించవచ్చు. నూనె సంగతి వేరు. కూరలో పోసేది, తలకు రాసేది, తలుపు కిర్రుమంటే వేసేది, మోకాలు పట్టేస్తే మర్దన చేసేది అంతా ఒకే డబ్బా. ఇక్కడే పుట్టి, ఈ నూనెతోనే పెరిగిన మనిషికి ఫిర్యాదు చేసే హక్కు లేదని మా ఆవిడ అంటుంది. ఉందనే నా వాదన. నేను జీవితంలో ఒకే ఒక్క వస్తువును కనిపెట్టాను. దాన్ని ముంచబోయింది ఈ నూనే.

నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్తాను. చెప్తాను అనడం కొంచెం పెద్ద మాట. పిల్లలంతా కంప్యూటర్ల వైపు పోయారు. మా బ్రాంచిలో విద్యార్థుల కన్నా లేత్ మిషన్లు ఎక్కువ, హాజరు కూడా వాటిదే మెరుగు. మేం అద్దెకుండే ఇల్లు ఊరి చివర ఒక రేకుల షెడ్డు పక్కన ఉంటుంది. ఆ షెడ్డూ, మా ఇల్లూ రెండూ ఊరంతా భాయ్ అని పిలిచే ఆయనవే. నాకన్నా పదేళ్లు పెద్ద. పుట్టింది కొలిమి పని చేసే ఇంట్లో. తండ్రి పోయాక కొలిమి తీసేసి వెల్డింగు పెట్టి, తర్వాత ఇళ్లు కట్టేవాళ్లకు పరంజా సామాను అద్దెకివ్వడం మొదలుపెట్టాడు.

ఈ కొత్త రకం పరంజా పిల్లల బొమ్మల సెట్టు లాంటిది. నిలువు పైపులు, అడ్డ పైపులు, నిలువు పైపుకు మూరెడు మూరెడుకూ ఒక ఇనుప గిన్నె. అడ్డ పైపు కొనను గిన్నెలో పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే బిగుసుకుంటుంది. తాళ్లు, ముళ్లు అక్కర్లేదు. షరతు ఒక్కటే. అన్నీ లంబకోణంలోనే కలుస్తాయి. కాబట్టి నేల చదునుగా ఉండాలి, గోడ తిన్నగా ఉండాలి. దాన్ని తయారుచేసినవాళ్లు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని చేసి ఉంటారు. వాళ్లకు నేల అంటే గచ్చు. మాకు నేల అంటే బండ. అది వాలుతుంది, ఉబ్బుతుంది, ఉన్నట్టుండి తెగి పక్కన గుండుగా మారుతుంది. అలాంటి చోట అందరూ చేసే పని ఒకటే. ఎత్తు చాలని పరంజా కాలి కింద రాళ్లు పేరుస్తారు.

నేను ఆ ఇంట్లోకి రాకముందు, అలా రాళ్లు పేర్చిన పరంజా మీద భాయ్ తమ్ముడు పనిచేస్తుండగా ఒక రాయి జారింది. అతని ఎడమ కాలు అప్పటినుంచి మడత పడదు. ఇప్పుడు షెడ్డు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, తిరిగొచ్చిన పైపుల బురద గీకి వరుసగా పేర్పిస్తుంటాడు. క్రికెట్ గురించి, రాజకీయం గురించి, మా కాలేజీ గురించి ఎంతైనా మాట్లాడతాడు. పరంజా గురించి మాత్రం నోరు విప్పడు. ఆ రోజు నుంచే భాయ్ ఒక నియమం పెట్టుకున్నాడు. బండ మీది పనికి సామాను ఇవ్వడు. ఎవరు అడిగినా సరే.

అడిగినవాళ్లలో ఒకరు గార్లదిన్నె పక్క పల్లె మాజీ సర్పంచి. మాజీ అనే సంగతి ఆయనకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. ఉగాది అయిన కొత్తలో జీపు దిగి, తిన్నగా భాయ్ కుర్చీలోనే కూర్చున్నాడు.

"మా ఊరి బురుజు తెలుసు గదా. రాళ్లు ఊడి పడతాండాయి. ఈ ఆగస్టు జెండా పండుగకు దాన్ని బాగుచేపిచ్చి, పైన జెండా ఎగరేస్తానని ఊర్లో చెప్పేసినా. నీ సామాను పంపు."

"బురుజు యాడుండాది రెడ్డీ?"

"యాడుంటాదప్పా? బండ మీద."

"అయితే ఇయ్యను."

"నేను అడుగుతాండానప్పా!"

"నా తమ్ముడు అడిగినా ఇయ్యను," అన్నాడు భాయ్. గేటు దగ్గర తమ్ముడు పైపు గీకడం ఆపలేదు.

ఆయన జీపు పోయాక భాయ్ నన్ను పిలిచి టీ తెప్పించాడు. శుభవార్త అయితే టీ ఒక్కటే వస్తుంది. ఆ రోజు బిస్కెట్లు కూడా వచ్చాయి.

"సారూ, పాత ఇనుము కొనే ఆయనతో మాట్లాడినా. పైపులన్నీ ఇచ్చేస్తా."

"ఎందుకు భాయ్?"

"బండ లేని పని ఈ జిల్లాలో యాడుండాది? ఇయ్యకపోతే షెడ్డు నడ్చదు. ఇస్తే నాకు నిద్ర పట్టదు. మా తమ్మునికి కూర్చునే పని ఇది ఒగటే ఉండాది, అదీ పోతాది. కానీ ఏం చేద్దాం?"

"జెండా పండుగ దాకా ఆగు. బండకు సరిపోయేది నేను చేసిస్తా," అన్నాను.

ఈ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అంతవరకు చేసిన అతి పెద్ద ఆవిష్కరణ ఇంట్లో కుక్కరు పిడికి కట్టిన తీగ.

అయితే ఆ రోజుల్లో నా కుడి భుజం బిగుసుకుపోయి ఉండేది. చెయ్యి కొంత దూరం లేచేది, అక్కడ ఆగిపోయేది. చొక్కా వేసుకోవడానికి మా ఆవిడ సాయం, బోర్డు మీద రాయడానికి ఒక బల్ల అవసరమయ్యేవి. ఫిజియోథెరపీకి పోతే అక్కడి అమ్మాయి, "కీలు అన్ని వైపులా తిరగాలి సార్, మీది ఎక్కడ పెడితే అక్కడ బిగుసుకుంటోంది," అంది. ఆమె దాన్ని జబ్బు అనుకుంది. నేను బల్ల మీద పడుకుని, పరంజాకు సరిగ్గా కావలసింది ఈ జబ్బే అనుకున్నాను. అన్ని వైపులా తిరగాలి, కావలసిన చోట మొండికేయాలి.

ఇంటికి వచ్చి ఎడమ చేత్తో బొమ్మ గీశాను. రెండు ఇనుప బిళ్లలు ముఖాముఖి. ఒకటి గిన్నెలో కూర్చునే కొక్కేనికి, ఇంకొకటి అడ్డ పైపు కొనకు. మధ్యలో బోల్టు. వదులుగా ఉన్నంతసేపు తిరుగుతుంది. బిగిస్తే రెండు ముఖాలు ఒకదాన్నొకటి అదిమిపట్టి ఆగిపోతాయి. ఒక జత పక్కలకు తిరగడానికి, ఇంకో జత పైకీ కిందికీ వంగడానికి. కాళ్ల కిందికి కూడా ఇలాంటిదే, బండ వాలును బట్టి ఒరిగే పాదం. రాళ్లు పేర్చే పని ఉండదు. మా కాలేజీ ల్యాబులో ఇనుమును లాగి తెంపే యంత్రం ఒకటుంది. తనిఖీ బృందం వచ్చినప్పుడు తప్ప దాని మీది గుడ్డ తీయరు. గుడ్డ తీసి, దాంట్లో నా కీలును పెట్టి లాగాను, నొక్కాను. కదల్లేదు. ప్రిన్సిపాలు అటుగా వచ్చి, "ఓ, ఇది పనిచేస్తుందా!" అన్నారు. కీలు గురించి కాదు, యంత్రం గురించి.

భాయ్ ఆ కీళ్లను చాలా ఇష్టంగా చేశాడు. అంచులు ఆకురాయితో నున్నగా రాశాడు. షెడ్డు వెనక ఒక వాలు బండ ఉంది. దాని మీద చిన్న పరంజా నిలబెట్టి, మనుషులెవరినీ ఎక్కనివ్వకుండా పైన పలకల మీద ఇసుక మూటలు పేర్చాం. నేను ఉండబట్టలేక మాజీ సర్పంచిని కూడా పిలిచాను. ఆయన నీడలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ చూస్తున్నాడు. నేను పక్కన నిలబడి, ఘర్షణ అంటే ఏమిటో వివరిస్తున్నాను.

ఎండ ముదిరింది. పరంజా మెల్లగా ముందుకు వంగింది. కూలిపోలేదు, పెద్ద చప్పుడేమీ చేయలేదు. చాలా నెమ్మదిగా, పెద్దమనిషి ఎదురైతే నడుం వంచినట్టు వంగి ఆగింది. ఇసుక మూటలు ఒక్కొక్కటే జారి ఆయన కాళ్ల ముందు పడ్డాయి.

"ఏమప్పా లెచ్చరరూ," అన్నాడు మాజీ సర్పంచి, టీ గ్లాసు కింద పెడుతూ, "మర్యాద బాగా నేర్పిచ్చినావే. నాకు దండం పెడతాండాది."

తమ్ముడు గేటు దగ్గర్నుంచి ఒకసారి చూసి మళ్లీ తన పని చూసుకున్నాడు. నేను వంగిన పరంజా దగ్గరికి పోయి, పడిపోకుండా పక్కకు దించి, ఒక కీలు విప్పాను. ఎండకు ఇనుము కాలుతోంది. బజ్జీల బండి దగ్గర నిలబడ్డట్టు వాసన వచ్చింది.

"భాయ్, దీనికేం రాసినావు?"

"ఏముండాది? శెనక్కాయ నూనె."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పాల సారూ? కొత్త ఇనుము గదా."

అప్పుడు తెలిసింది. వాళ్లింట్లో తాతల నాటినుంచీ ఒక పద్ధతి ఉంది. మడక కర్రు కానీ, గేటు కానీ, బావి గిలక కానీ, కొత్త ఇనుప వస్తువు మొదటిసారి వాకిలి దాటేముందు బిస్మిల్లా అని చేత్తో నూనె పట్టిస్తారు. పట్టించకుండా పంపితే ఆ వస్తువును పంపినట్టు కాదు, పారేసినట్టు.

"పైన రాసినావు, సరే. లోపలి ముఖాలకు గూడానా?"

"అన్నీ విప్పి విప్పి రాసినా. పైపైన పూసి పంపేదానికి నేనేమన్నా కాలేజీ నడుపుతాండానా?"

ఒకదాన్నొకటి అదిమిపట్టి ఆగవలసిన రెండు ముఖాల మధ్య ఆయన ప్రేమగా నూనె పోశాడు. నా ఘర్షణ అంతా అందులో వేగిపోయింది.

మాజీ సర్పంచి వెళ్లిపోయాక భాయ్ ఫోను తీశాడు. "ఇంక వద్దులే సారూ. పాత ఇనుమాయన్ని రమ్మంటా."

"జెండా పండుగ ఇంకా రాల్యా గదా భాయ్. అందాకా ఆగుదాం."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ నేను చేయదగిన సులువైన పని ఒకటుంది. నూనె రాయొద్దని చెప్పడం. భాయ్ నొచ్చుకుంటాడు, అయినా మానేస్తాడు. కానీ సామాను అద్దెకు పోయాక? పనిలో ఎవరికో బోల్టు బిరుసుగా తిరుగుతుంది. భోజనం డబ్బాలోనో, తల మీదనో, ఎక్కడో ఒకచోట ఈ జిల్లాలో ఆ నూనె సిద్ధంగానే ఉంటుంది. నేను ప్రతి కీలు మీద మూడు భాషల్లో హెచ్చరిక చెక్కించవచ్చు. ఒక వస్తువు నిలబడడానికి ముందు జిల్లా మొత్తం అలవాటు మానుకోవాలంటే, అది వస్తువు కాదు, ఉపన్యాసం. ఉపన్యాసాలు ఇచ్చే ఉద్యోగం నాకు ఇదివరకే ఒకటుంది. దాని ఫలితాలు ఎలా ఉంటాయో కూడా తెలుసు.

కాబట్టి నూనెను వదిలేసి, బిళ్లలను మార్చాను. రాగులు విసిరే రాయి ముఖం మీద మధ్యనుంచి అంచు దాకా గాట్లు కొడతారే, అలా. రెండు బిళ్లల ముఖాలకూ చుట్టూ పళ్లు. బోల్టు వదులు చేసి, ఎడంగా జరిపి, కావలసిన వైపు తిప్పి, మళ్లీ కలిపి బిగిస్తే ఈ పళ్ల సందుల్లో ఆ పళ్లు కూర్చుంటాయి. ఇప్పుడు అది ఆగేది ఒకదాన్నొకటి అదిమిపట్టి కాదు, కరుచుకుని. నూనె రాస్తే కరవడం మానేసే నోరు ఏదీ ఉండదు. బోల్టు దానంతట అది వదులు కాకుండా కొసన ఒక అడ్డ చీల. అంతే.

పళ్లు వెల్డింగుతో వచ్చేవి కావు, పోత పోయాలి. చిలమత్తూరు దగ్గర ఒక చిన్న ఫౌండ్రీ ఉందంటే బస్సెక్కి పోయాను. అక్కడి యజమాని సగం కన్నడంలో, సగం తెలుగులో మాట్లాడతాడు. ధర చెప్పేటప్పుడు రెండు భాషల్లోనూ చెప్తాడు. మొదటి పోతలో పళ్లు ముసలాయన చిగుళ్లలా వచ్చాయి. రెండో పోతలో పదునుగా, కోపంగా వచ్చాయి. వాటిని ల్యాబు యంత్రంలో పెడితే పళ్లు అరగకముందే పైపు వంగింది. ఈసారి ప్రిన్సిపాలు కుర్చీ తెప్పించుకుని చూశారు.

మళ్లీ అదే వాలు బండ, అవే ఇసుక మూటలు, ఈసారి ఇంకా ఎక్కువ. బిగించేముందు నేనే నూనె డబ్బా తెచ్చి భాయ్ చేతికిచ్చాను.

"రాయి భాయ్."

"ఎగతాళి చేస్తాండావా సారూ?"

"లేదు. లోపలి ముఖాలకు. కొంచెం ఎక్కువే పొయ్యి."

ఆయన నా ముఖం చూసి, బిస్మిల్లా అనుకుంటూ, ఒక్కో కీలుకూ తృప్తిగా పట్టించాడు. పళ్ల మధ్యనుంచి నూనె కారి బండ మీద మరకలు పడ్డాయి. మూటలు పేర్చాం. పరంజా పక్కన దారానికి గుండు కట్టి వేలాడదీసి, దాని మొన కింద బండ మీద సుద్దతో చుక్క పెట్టాం. ఆ మధ్యాహ్నం ఎండంతా కాసింది. సాయంత్రం గాలి వచ్చింది. మర్నాడు కాలేజీకి పోకుండా ముందు అటే పోయాను. గుండు మొన సుద్ద చుక్క మీదే ఉంది. మూటల మీద ఒక కాకి కూర్చుని ఉంది. నేను ఇంట్లోకి పోయాక, ఏం తింటావని మా ఆవిడ అడిగితే, వేరుశనగ చట్నీ ఎక్కువగా వెయ్యమన్నాను. ఆమెకు నా ఆరోగ్యం మీద అనుమానం వచ్చింది.

భాయ్ తానే మాజీ సర్పంచికి ఫోను చేసి సామాను ఇస్తానన్నాడు. బురుజు పని ఆషాఢం గాలిలో మొదలైంది. ఆ గాలి గురించి తెలియనివాళ్లకు చెప్పేదేమీ లేదు, తెలిసినవాళ్లు ఇప్పటికే తలకు తువ్వాలు బిగించుకుని ఉంటారు. పరుపుబండ గుర్రం వీపులా వాలింది. దాని మీద బురుజు గుండ్రంగా, పైకి పోయేకొద్దీ సన్నంగా. లంబకోణానికి అక్కడ నిలువ నీడ లేదు. ఒక్కో పాదం ఒక్కో ఎత్తులో బండను పట్టుకుంది. అడ్డ పైపులు కొంచెం కొంచెం ఒరుగుతూ బురుజు చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిశాయి. దూరం నుంచి చూస్తే బురుజుకు గాజులు తొడిగినట్టుంది. కలిసిన ఆ చివరి కీలును బిగించింది నేనే. ఆ పని బండ మీద నిలబడి, కుడి చేతిని తల పైదాకా ఎత్తి చేశాను. భుజం ఎప్పుడు బాగయిందో గమనించనేలేదు.

మూటలతో మరోసారి బరువు చూశాక, మొదట ఎవరు ఎక్కాలనే ప్రశ్న రాలేదు. భాయ్ చెప్పులు విప్పి, నడుముకు తాడు కట్టుకుని, ఎక్కేశాడు. మేస్త్రీలు కింద నిలబడి చూస్తున్నారు. తమ్ముడు బండ కింద, లారీకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ పొద్దు అతనొక్కడే పైకి చూడలేదు. ఎక్కువగా లారీ టైర్లే చూశాడు.

భాయ్ చివరి పలక మీద నిలబడి, గాలికి చొక్కా ఉబ్బిపోతుంటే, రెండు కాళ్లతో ఒకసారి గట్టిగా అదిమి తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు.

"ఏమన్నా కదుల్తాండాదా భాయ్?" కిందనుంచి మాజీ సర్పంచి అరిచాడు.

"కదుల్తాండాది!"

నేను దగ్గరున్న పైపును గట్టిగా పట్టుకున్నాను.

"ఏం కదుల్తాండాదప్పా?"

"నా చొక్కా!"

మేస్త్రీలు నవ్వుతూ గోచీలు బిగించి ఎక్కడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రాళ్లు పెట్టారు, సున్నం పూశారు, గాలితో తిట్టుకుంటూ పోట్లాడారు. పరంజా గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. పరంజాకు అంతకన్నా పెద్ద పొగడ్త లేదు.

జెండా పండుగ రోజు ఊరంతా బండ మీదికి చేరింది. తెల్లగా మెరుస్తున్న బురుజు పైన జెండా ఎగిరింది. మాజీ సర్పంచి ఉపన్యాసమిచ్చాడు. ఈ ఆలోచన తనకు చిన్నప్పటినుంచీ ఉందని చెప్పాడు. ఇంజనీర్లు కూడా కొంత సహకరించారన్నాడు. ఆ కొంత నేనే. నాకు ఒక శాలువా కప్పారు, గాలి దాన్ని తీసుకుపోయింది.

భాయ్ ఫోను పొద్దుటినుంచీ మోగుతూనే ఉంది. పామిడి వైపు నుంచి ఎవరో గుట్ట మీది గుడికి సామాను కావాలంటున్నారు. ఆయన ఒక చెవి మూసుకుని, గాలిని మించి అరుస్తున్నాడు: "బండ మీదనా? అయితే ఏంది? ఇస్తాం. బండకు యాల భయపడతావప్పా?" పాత ఇనుమాయన ముందు రోజే లారీతో వచ్చాడట. ఊరికే పంపడం బాగుండదని, భాయ్ మా మొదటి నున్నటి బిళ్లలన్నీ తూకమేసి ఇచ్చేశాడు. ఆ లారీ వెనక కుక్కలు చాలా దూరం పోయాయని విన్నాను.

జనం పలచబడ్డాక చూస్తే, తమ్ముడు బండ ఎక్కుతున్నాడు. మడత పడని కాలును పక్కకు తిప్పి వేస్తూ, చెయ్యి అందిస్తానంటే వద్దని తల ఊపి, తనంతట తాను వచ్చాడు. ఇన్ని నెలల్లో ఈ కీలు గురించి అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా అడగలేదు. కానీ మాజీ సర్పంచి ఉపన్యాసం కన్నా, ప్రిన్సిపాలు కుర్చీ కన్నా, నేను ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

అతను నేరుగా బురుజు దగ్గరికి పోయి, ఇంకా విప్పని పరంజాలో అన్నిటికన్నా కింద ఉన్న అడ్డ పైపును రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకెత్తి, తన బరువంతా వేసి వేలాడాడు. కాసేపు అలాగే ఉన్నాడు. దిగి, వంగి, బండను పట్టుకున్న పాదాన్ని తడిమాడు. దాని కింద రాయి ఏమైనా ఉందేమోనని వేళ్లు పోనిచ్చి చూశాడు. లేదు. పక్కనే గోనె సంచిలో మిగిలిన కీళ్లున్నాయి. ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని, తిప్పాడు. పళ్లు టకటకమన్నాయి. కలిపి బిగించి, రెండు చేతులా మెలిపెట్టి చూశాడు. చేతికంటిన నూనెను తలకు రాసుకున్నాడు.

"బాగుండాది సారూ," అన్నాడు, దాన్ని నా చేతిలో పెడుతూ. "ఇంత చిన్నదానికి ఇన్నేండ్లు పట్టిందా మీ ఇంజనీర్లకు?"